వైరు సైజు అడుగుతాం, కొస ఎలా బిగించారో అడగం

వైరింగ్ పని జరుగుతుంటే వైరు ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే ఎంసీబీ ఎన్ని ఆంపియర్లు అని అందరూ ఆరా తీస్తారు. వైరు కొస టెర్మినల్‌లోకి, అంటే పరికరంలో దాన్ని బిగించే చోటికి, ఎలా వెళ్లిందో చూసేవాళ్లు అరుదు. నా దృష్టిలో ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది అక్కడే.

లెక్క చిన్నదే. 16 ఆంపియర్లు పారే చోట వదులు జాయింటు వల్ల 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 25.6 వాట్లు. వేలిగోరంత చోట చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి వదిలేసినట్టే. ఆ వేడికి లోహం ఆక్సీకరణ చెంది నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇంత జరుగుతున్నా ఎంసీబీ పడదు, కరెంటు హద్దు దాటలేదు కాబట్టి. లీకేజీ లేదు కనుక, కరెంటు భూమిలోకి లీకైతే ఆపే ఆర్‌సీసీబీ కూడా కదలదు.

పోగుల వైరును నేరుగా స్క్రూ కింద పెడితే కొన్ని పోగులు నలిగి తెగుతాయి, కొన్ని అసలు పట్టులోకే రావు. దీనికి విరుగుడుగా కొసకు సోల్డర్ పూసి బిగించే అలవాటు చాలామందికి ఉంది. చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉంటుంది. కానీ కచ్చితంగా మానాల్సిన అలవాటది. సోల్డర్ మెత్తని లోహం. స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగా పక్కకు జరుగుతుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే మరీను. బిగించిన రోజున్న పట్టు కొన్నాళ్లకు ఉండదు. పైగా సోల్డర్ పోగుల మధ్యగా ఇన్సులేషన్ కిందికి పాకి వైరును బిరుసెక్కిస్తుంది. కంపనాలుండే యంత్రాల్లో ఆ బిరుసు ఆగిపోయే చోటే వైరు విరుగుతుంది. సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్‌కు తిరుగులేదు గానీ స్క్రూ కింద దానికి చోటు లేదు.

అక్కడ కావాల్సింది ఫెరూల్, అంటే పోగులను ఒక్కటిగా పట్టి ఉంచే సన్నని రాగి గొట్టం, లేదా లగ్గు, అంటే కొసకు తొడిగి టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్క. రెండింటినీ క్రింప్ చేయాలి, అంటే టూల్‌తో గట్టిగా నొక్కి వైరుకు పట్టించాలి. సరైన క్రింపింగ్‌లో గొట్టం, పోగులు కలిసి రూపు మారతాయి. ఆక్సైడ్ పొర చిట్లి లోహానికి లోహం తగులుతుంది, గాలి దూరే సందు మిగలదు. అందుకు వైరు, లగ్గు, టూల్ డై (నొక్కే అచ్చు) మూడూ ఒకే సైజుకు కుదరాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును 6 సైజు లగ్గులో దూర్చి కటింగ్ ప్లయర్‌తో నొక్కితే అది క్రింపింగ్ అనిపించుకోదు. పూర్తిగా నొక్కేదాకా వదలని రాట్చెట్ టూల్‌కు డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. ఆ ఖర్చు తప్పించుకోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

స్క్రూకు బదులు స్ప్రింగ్‌తో వైరును పట్టి ఉంచే స్ప్రింగ్ టెర్మినళ్లలో పట్టు మనిషి చేతి బలం మీద ఆధారపడదు. లోహం వ్యాకోచించినా సంకోచించినా స్ప్రింగ్ నొక్కుతూనే ఉంటుంది.

అల్యూమినియం సంగతి వేరే. దాని ఆక్సైడ్ కరెంటును పారనివ్వదు, వేడికి అది రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఒత్తిడికి జరుగుతుంది. 1960ల మధ్య నుంచి 1970ల ఆరంభం దాకా అమెరికాలో చాలా ఇళ్లకు అల్యూమినియం వైర్లు వేశారు. సమస్యలు ప్రధానంగా స్విచ్చులు, సాకెట్ల స్క్రూల దగ్గరే తలెత్తాయి. అందుకే అల్యూమినియం కేబుల్ రాగి టెర్మినల్‌ను కలిసే చోట ఒకవైపు అల్యూమినియం, మరోవైపు రాగి ఉండే బైమెటల్ లగ్గు తప్పనిసరి.

స్క్రూ ఎంత బిగించాలో తయారీదారులు న్యూటన్ మీటర్లలో చెబుతూనే ఉన్నారు; కొస ఎంత ఒలవాలో కూడా చాలా పరికరాల మీదే ఉంటుంది. పని అప్పగించేటప్పుడు ఆ లెక్క ప్రకారమే బిగించే టార్క్ స్క్రూడ్రైవర్ వాడాలనీ, పూర్తి లోడ్ మీద, వేడెక్కిన చోటును పట్టి చూపే థర్మల్ కెమెరాతో ప్రతి టెర్మినల్‌నూ చూపించాలనీ ఒప్పందంలోనే రాయించుకోవాలి.