పాట ముందు, పెదవి వెనక

పిల్లలకు కోడింగ్ నేర్పాలంటే చాలామంది తెర మీద ఏదో ఒక బొమ్మను అటూ ఇటూ నడిపించడంతో మొదలుపెడతారు. నన్నడిగితే తెర మీద ముగ్గురు బొమ్మ గాయకుల చేత పాడించమంటాను. అదీ 1982లో వచ్చిన కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద. అసలు మెషీన్ లేకపోయినా ఫరవాలేదు, ఈనాటి కంప్యూటర్‌లో దాన్ని అనుకరించే వైస్ అనే ఎమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. పాత సామాను మీద మోజు అనుకునేరు, అది కాదు. బొమ్మ పాటను ఎలా వెంబడించాలో అంత తేటగా చూపించే మెషీన్ నాకు ఇంకోటి కనబడలేదు.

అందులో పాడేది బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్. ఒకేసారి మూడు గొంతులు, అంతే. బొమ్మల పని విక్-2 చిప్‌ది. ఎనిమిది స్ప్రైట్లు, అంటే తెర మీద విడివిడిగా కదిలించగల చిన్న బొమ్మలు, ఒక్కోటి 24 చుక్కల వెడల్పు, 21 చుక్కల ఎత్తు, 63 బైట్లు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, బార్లా తెరిచిన నోరు గీసి మెమరీలో 832, 896, 960 అడ్రసుల్లో వరుసగా పెట్టాలి. క్యాసెట్ కోసం ఉంచిన జాగా అది, టేపు వాడనంతసేపు ఖాళీయే. ఆ తర్వాత మళ్లీ గీసే పని లేదు. మొదటి స్ప్రైట్ ఏ బొమ్మ చూపించాలో 2040 అడ్రసులోని అంకె చెబుతుంది, దాన్ని 64తో గుణిస్తే బొమ్మ ఉన్న అడ్రసు వస్తుంది. అక్కడ 13 తీసి 15 వేస్తే ఆ స్ప్రైట్ నోరు తెరుస్తుంది.

చిక్కంతా ఎప్పుడు తెరవాలన్న దగ్గరే. ఆ మెషీన్‌తో వచ్చే బేసిక్ భాషలో ఎవరైనా ముందు చేసేది ఇదే: స్వరం మోగించి, నోరు తెరిచి, కాసేపు ఆగడానికి ఖాళీ ఫర్-నెక్స్ట్ లూప్ తిప్పి, నోరు మూయడం. ఒక్కరు పాడితే బాగానే ఉంటుంది. రెండో గాయకుడు కనుబొమలు ఎగరేస్తే ముచ్చటగా ఉంటుందని ఆ లెక్కలు కలిపారా, వాటికి పట్టే సమయం కూడా పాటలో చేరి తాళం సాగిపోతుంది. బొమ్మ కోసం పాట ఆగడమేమిటి! అందుకే పాటను ఇంటరప్ట్‌కు అప్పగించాలి. సెకనుకు 60 సార్లు ప్రాసెసర్ చేతిలో పని ఆపి, తర్వాతి స్వరం వేళయిందేమో చూసి వెళ్తుంది. మిగిలిన సమయమే బొమ్మలది. పెదవి కాస్త వెనకబడితే కన్ను సర్దుకుంటుంది, చెవి మాత్రం ఊరుకోదు.

మూడో గొంతులో నాకు మహా ఇష్టమైన వసతి ఒకటుంది. 54300ను పీక్ చేస్తే, అంటే ఆ అడ్రసులోని అంకెను చదివితే, ఆ క్షణాన దాని ఎన్వలప్ (స్వరం బిగ్గరతనం పెరిగి తగ్గే తీరు) ఎంత ఎత్తులో ఉందో 0 నుంచి 255 దాకా అంకె వస్తుంది. దాన్ని మూడు వంతులు చేసి మూడు నోళ్లకు తగిలించండి. మెల్లగా పుంజుకునే స్వరానికి నోరు మెల్లగా విచ్చుకుంటుంది. మీటినట్టు పలికే స్వరానికి టక్కున తెరుచుకుని వాలిపోతుంది. స్వరం వదిలేశాక కూడా రిలీజ్‌లో, అంటే స్వరం ఆరిపోయే దశలో, ఆ అంకె చివరి వంతుకు దిగేదాకా పెదవులు కలవవు. ఇందులో ఏదీ విడిగా కోడ్ రాసింది కాదు. తక్కిన రెండు గొంతులకు ఈ సౌకర్యం లేదు, స్వరాన్ని మొదలుపెట్టే గేట్ బిట్ ఎప్పుడు వేశామో ప్రోగ్రామే గుర్తుంచుకుని అంచనా కట్టాలి.

దీనికి సాహిత్యం తెలియదు కదా అంటారా? నిజమే. ‘అమ్మ’ అన్నప్పుడు నడుమ పెదవులు కలవాలి, ఎన్వలప్‌కు ఆ సంగతి పట్టదు. స్వరాల పట్టిక పక్కన ప, ఫ, బ, భ, మ వచ్చే చోట ఒక గుర్తు పెట్టుకుంటే సరి. అక్షరానికో నోరు గీయబోకండి, 24 చుక్కల్లో ఎవరికీ తేడా తెలియదు.

క్లాసు నడిపేవాళ్లు మూడో గొంతుతోనే మొదలుపెట్టి, మొదటిదాన్ని తర్వాతి వారానికి ఉంచండి. ఈ నోటికి 54300 లాంటిది ఎక్కడుందని అప్పటికి పిల్లలే అడుగుతారు.