ఇంటిపేరు గుర్తించలేని సాఫ్ట్‌వేర్‌తో మన పరిశోధన సాగదు

విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో నకళ్లు పెరిగిపోతున్నాయన్న ఫిర్యాదు ఏటా పరీక్షల ముందు వినిపిస్తూనే ఉంటుంది. దానికి విరుగుడుగా ప్రతిసారీ నకలును పట్టుకునే సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నాం తప్ప, ఆధారాలను సక్రమంగా చూపించడానికి విద్యార్థికి తోడ్పడే సాఫ్ట్‌వేర్ సంగతి ఎవరికీ పట్టడం లేదు. తెలుగు విద్యార్థికి అనువైన అలాంటి సాఫ్ట్‌వేర్‌ను మన విశ్వవిద్యాలయాలే తయారు చేసి ఉచితంగా అందించాలి. ఆ పని గోదావరి డెల్టాలో మొదలు కావాలి.

నకళ్లను అరికట్టడానికి 2018లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలు తెలిసినవే. పీజీ, ఆపై స్థాయి రచనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ సమర్పించాలి. 60 శాతం వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించే వీలుండదు. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే తగిన ఆధారం చూపి ఉటంకించిన భాగాన్నీ, గ్రంథసూచినీ ఈ లెక్క నుంచి మినహాయించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. నకలును పట్టే సాధనాలతో పాటు ఆధారాల నిర్వహణ సాధనాల వాడకంలోనూ శిక్షణ ఇవ్వాలని కూడా వాటిలో స్పష్టంగా ఉంది. మన కళాశాలల్లో చాలావాటికి ఆ వాక్యంలోని మొదటి సగం మాత్రమే గుర్తుంది. ఎలా రాయాలో నేర్పకుండానే, తప్పు రాశావని శిక్షించడం న్యాయం కాదు.

ఆ రిపోర్టులు నిజంగా తయారయ్యే చోటు చూస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. అమలాపురంలోనో, భీమవరంలోనో కళాశాల ఎదుటి డీటీపీ సెంటర్‌కు విద్యార్థి చేతిరాత కాగితాలు పట్టుకుని వస్తాడు. ఆపరేటరు వాటిని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేస్తాడు. చివరి రెండు పేజీల్లో రావలసిన ఉపయుక్త గ్రంథాల జాబితా, నిరుడు అదే అంశం మీద వచ్చిన సీనియర్ ఫైలు నుంచి దిగుతుంది. పేరూ, హాల్‌టికెట్ నంబరూ మార్చి, స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చేస్తారు. ఆ జాబితాలోని పుస్తకాలను విద్యార్థి చూసి ఉండడు, వైవాలో ఎవరూ అడగరు. పైగా అను ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగు అక్షరమే అయినా, కంప్యూటర్ లోపల దాచుకునేది వేరే సంకేతాలను. ఆ ఫాంటు లేని చోటికి తీసుకువెళ్తే అర్థం లేని గుర్తులే మిగులుతాయి. కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లో రాయడాన్ని విశ్వవిద్యాలయాలు తప్పనిసరి చేయనిదే ఏ ఆధారాల సాఫ్ట్‌వేరూ ఇక్కడ పనిచేయదు.

అసలు చిక్కు మాత్రం పేర్ల దగ్గర ఉంది.

ప్రస్తుతం చలామణిలో ఉన్న ఆధారాల సాఫ్ట్‌వేర్లు చాలావరకు మనిషి పేరును ప్రధానంగా రెండు గడుల్లో పెడతాయి: ఒకటి ఇంటిపేరు, రెండోది సొంత పేరు. పేరు మొత్తం ఒకే వరుసలో అందినప్పుడు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోవడం వాటికి అలవాటు. కందుకూరి వీరేశలింగం పేరు అందితే వీరేశలింగం ఇంటిపేరై కూర్చుంటుంది, కందుకూరి అన్నది 'కె' అనే పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. మహనీయుల విషయంలో ఎవరో ఒకరు సరిదిద్దుతారు. కానీ భీమవరం పరిసరాల్లో 'రాజు'తో ముగిసే పేర్లు ఎన్ని, డెల్టా అంతటా 'రావు'తో ముగిసే పేర్లు ఎన్ని? 'రాజు, కె.' అన్న గుర్తు కింద వేర్వేరు శాఖల్లో పనిచేసే ఎందరో అధ్యాపకులు ఒకే మనిషిగా కలిసిపోతారు. 'లక్ష్మి, పి.' అని పీహెచ్‌డీ చేసిన మహిళ పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే ఇద్దరవుతుంది. పెళ్లికి ముందు ఆమె రాసిన పత్రాలు ఇంకెవరి ఖాతాలోనో చేరతాయి. పదోన్నతులకూ, నియామకాలకూ ప్రచురణలను, ఉటంకింపులను లెక్కించే ఈ రోజుల్లో ఇది చిన్న పొరపాటని సరిపెట్టుకోలేం.

ఇందులో మన బాధ్యతా ఉంది. తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో కొన్ని 'వీరేశలింగం, కందుకూరి' అని రాస్తాయి, మరికొన్ని 'కందుకూరి వీరేశలింగం' అని ఉన్నదున్నట్లు ఉంచుతాయి, ఒక్కోసారి ఒకే జాబితాలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. వ్యవహారంలోనూ అంతే: చిలకమర్తిని ఇంటిపేరుతో పిలుస్తాం, వీరేశలింగాన్ని సొంత పేరుతో పిలవడానికీ వెనుకాడం. రచయితను వాక్యం మధ్యలో ఏ పేరుతో ప్రస్తావించాలి, జాబితాలో ఏ అక్షరం కింద చేర్చాలి అన్న రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు ఉండవచ్చని ఒప్పుకునే సాఫ్ట్‌వేర్ మనకు కావాలి. ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు. గ్రంథసూచిని తయారు చేసేందుకు 1985లో వచ్చిన బిబ్‌టెక్ అనే ప్రోగ్రాములోనే యూరప్ పేర్లలోని 'వాన్' వంటి ముక్కలకు, అమెరికన్ పేర్ల చివరి 'జూనియర్'కు నియమాలు ఉన్నాయి. ఆ పేర్ల వాళ్లు తమ అవసరాన్ని తామే ప్రోగ్రాములోకి ఎక్కించుకున్నారు. మనం ఎక్కించుకోలేదు కాబట్టి మన పేర్లు ఇంకా తలకిందులుగా అచ్చవుతున్నాయి.

ఆధారాల నిర్వహణకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉండగా కొత్తది ఎందుకని కొందరు అడుగుతారు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని 2006లో విడుదలైన జొటెరో మంచి సాధనం, ఉచితం, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. సరిగ్గా అందుకే దాన్ని పునాదిగా తీసుకుని తెలుగుకు కావలసినది కట్టుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ ఇచ్చే ఉచితం మీద ఆధారపడితే ఏమవుతుందో అలాంటిదే అయిన మెండలీని 2013లో ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ కొనేసినప్పుడు ప్రపంచమంతా చూసింది. ఇక చాట్‌బాట్ అడిగిన వెంటనే జాబితా ఇస్తుంది కదా అనేవారు, లేని తీర్పులను చాట్‌జీపీటీ చెప్పిందని నమ్మి దాఖలు చేసిన న్యాయవాదులకు 2023లో న్యూయార్క్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసిన సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

పేర్లను మించిన ప్రశ్న మరొకటి ఉంది. ఎవరి మాట ఆధారంగా నిలుస్తుంది? డిగ్రీ విద్యార్థులంతా ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తున్నారు. కోనసీమ విద్యార్థిని ఒకరు 2011 ఖరీఫ్‌లో అక్కడి రైతులు ప్రకటించిన పంట విరామం మీద రాయాలనుకుందాం. ఆమెకు దొరికే ఆధారాలు ఏమిటి? ఆనాటి పత్రికల జిల్లా ఎడిషన్ పేజీలు, రైతు సంఘాలు పంచిన కరపత్రాలు, ప్రభుత్వం నియమించిన మోహన్ కందా కమిటీ నివేదిక, అన్నిటికంటే విలువైనది, ఆ ఏడాది నాట్లు వేయకుండా చేలు వదిలేసిన రైతుల మాట. జిల్లా ఎడిషన్ పేజీలకు శాశ్వతమైన లింకులు ఉండవు. కరపత్రం మీద తేదీ ఉంటే అదృష్టం. రైతు చెప్పిన మాటనైతే, మన కళాశాలలు గుడ్డిగా అనుసరిస్తున్న, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రూపొందించిన ఏపీఏ పద్ధతి 'వ్యక్తిగత సంభాషణ' కింద వేసి, చివరి జాబితాలో చేర్చనే చేర్చదు. పాఠకుడు తిరిగి వెతికి చూడలేని దాన్ని జాబితాలో పెట్టకూడదన్నది ఆ పద్ధతి వాదన. అలాగైతే వెతికి చూడగలిగేలా భద్రపరచడం మన పని. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029 మీద ఇంగ్లీషులో వచ్చిన పరిశోధన పత్రాలు ఎక్కడి నుంచి వెతికినా దొరుకుతాయి. ఆ వరిని దశాబ్దాలుగా పండించిన రైతు అనుభవానికి ఏ గ్రంథసూచిలోనూ ఒక్క పంక్తి లేదు. ఈ నేల గురించి ఈ నేల మీది మనుషులు చెప్పింది ఆధారం కాకుండా పోతే, రేపు డెల్టా చరిత్ర రాసే మన పిల్లలే బయటివారి రాతలను ఉటంకించక తప్పదు.

కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్‌లో కరపత్రానికి, జిల్లా ఎడిషన్‌కు, రైతు మాటకు పుస్తకంతో సమానమైన గడులు ఉండాలి. మాట్లాడిన రైతు అనుమతితో ఊరు, తేదీ, రికార్డింగు నమోదై విశ్వవిద్యాలయం వద్ద ఒక సంఖ్యతో భద్రపడాలి. అది ఫోనులో పనిచేయాలి, ఎందుకంటే ల్యాప్‌టాప్ లేని విద్యార్థులే మన దగ్గర ఎక్కువ. ముఖపత్రం ఫొటో తీస్తే వివరాలు చదువుకోవాలి. పాత తెలుగు పుస్తకాల్లో కొన్నిటి మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. 'ప్రభవ' అని ఉంటే అది 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ రెండింటినీ చూపి విద్యార్థినే తేల్చమనాలి. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని పీఠిక చదివితే తప్ప తేలని ప్రశ్న అది, గ్రంథాలయానికి వెళ్లక తప్పని పరిస్థితి కల్పించడం కూడా మేలే.

దీన్ని టెండరు పిలిచి కంపెనీకి అప్పగించవలసిన పని లేదు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ కలిసి కూర్చుని, మొదట తెలుగు శాఖ అధ్యాపకులతో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పనిచేసిన గ్రంథాలయులతో పేర్ల నియమాన్ని ఖరారు చేయించాలి. ప్రోగ్రాము రాసే పని ఆ తర్వాత. దాన్ని ఇంజనీరింగ్ చివరి ఏడాది విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చి, కోడ్‌ను బహిరంగంగా ఉంచి, ఒక బ్యాచ్ వదిలిన చోట నుంచి మరో బ్యాచ్ అందుకునేలా చూడాలి. తొలి పరీక్ష కళాశాలల్లో కాదు, ఆ ఎదుటి డీటీపీ సెంటర్లలో జరగాలి. అక్కడి ఆపరేటరు సీనియర్ ఫైలు తెరవడం కంటే దీన్ని తెరవడమే సులువని భావించేదాకా మార్పులు చేస్తూనే ఉండాలి.