నాలుగో పాదం బాకీ

శ్రీ కందపద్యం గారికి నెల్లూరు నుంచి నమస్కరించి రాసేది ఏమనగా,

ఉగాది కవిసమ్మేళనం నుంచి ఇంటికొచ్చా, ఇంకా చొక్కా కూడా మార్చలా. మూడింటికి రమ్మంటే రెండున్నరకే పొయ్యి కూర్చున్నా, ఏడు దాటాక పిలిచారు, అదీ ఎట్టా అంటే 'ముఖ్య అతిథిగారు దార్లో ఉన్నారు, వచ్చేదాకా మీరు కాస్త నవ్వించండి' అని. అంటే మీరూ నేనూ కరెంటు పోతే వాడుకునే ఇన్వర్టరన్నమాట.

సర్లే అని మొదలెట్టా.

మామిడి ముక్కలు వేసిన
కోమలి చేపల పులుసును గుట్టుగ దాచెన్
ఆ మరునాడే రుచియని

ఇక్కడ, కరెక్టుగా ఇక్కడ, గుమ్మంలో బొకేలు కనపడ్డాయి, అందరూ లేచారు, మైకు లాగేసుకున్నారు. తిక్కన గారు భారతం 15 పర్వాలు చెప్పిన ఊళ్ళో నాకు ఒక్క పాదానికి దిక్కులేదు! నవ్వించే పద్యానికి ఉండేదే నాలుగో పాదం కదండీ, మొదటి మూడూ పొయ్యి రాజెయ్యడమే. నేను పొయ్యి రాజేసి వచ్చా.

మీకేంలెండి. సుమతి శతకంలో కూర్చుని నీతులు చెప్తే కళ్ళకద్దుకుంటారు, అవే నాలుగు మాత్రల గణాలతో, అంటే అవే అక్షరాల గుంపులతో, పులుసు సంగతి చెప్తే మాత్రం టైంపాస్. ఈ టైంపాస్‌కి నాకు మూడు వారాలు పట్టింది. బేసి గణంలో జగణం (పొట్టి, పొడుగు, పొట్టి అక్షరాల వరస) పనికిరాదు, ఆరోది నలమో (నాలుగూ పొట్టివే) జగణమో అయితేగానీ ఒప్పుకోవు, ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం) తప్పకూడదు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ) చెడకూడదు, పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని షరతులు పెట్టరు కదయ్యా! కందం రాసినోడే కవి అన్న సామెత నమ్ముకుని చెడ్డా. నాకు ముందు ఒకాయన కన్నీళ్ళ మీద నాలుగు పేజీలు చదివాడు, రూలూ లేదు గీలూ లేదు, శాలువా కప్పారు. (చల్లారిన బజ్జీల సంగతి ఇంకో ఉత్తరంలో.)

ఇంక నీ జోలికి రాను, పో.

అని ఒట్టేసుకునే ఆటో ఎక్కా. ఏంది సార్ గొణుక్కుంటున్నారు అన్నాడు ఆటో అబ్బాయి. మూడు పాదాలు చెప్పా. 'ఆఁ, తర్వాత?' అన్నాడు. మధ్యాహ్నం నుంచి ఆ 'తర్వాత?' కోసమే కదా నేను కూర్చుంది!

గోముగ మగడే కడిగెను గుక్కన గిన్నెన్

బండి పక్కకి ఆపి మరీ నవ్వాడు. నవ్వి, 'ఇంతకీ కొరమీనా సార్, బొమ్మిడాయిలా?' అన్నాడు.

ఇంటికొచ్చిందగ్గర్నుంచి ఇదే గోల. బొమ్మిడాయి నీలో నేరుగా దిగదు, ముందొక లఘువు (పొట్టి అక్షరం) తగిలించి సరిగణంలో జగణం చేస్తే 'డాయిలు' భగణమై (పొడుగు, పొట్టి, పొట్టి) దాని వెనకే వచ్చేస్తుంది. ఆ లఘువేదో నువ్వే చెప్పు, పన్నెండైంది.