ముద్దాయి కాలేయం

ఇది కాలేయం మీద ఫిర్యాదు. ఒంట్లో మిగతా అవయవాలన్నీ కాలంతో పాటు ఎంతో కొంత సర్దుకున్నాయి. కడుపు పిజ్జాకి అలవాటు పడింది, కళ్ళు రాత్రి రెండింటి దాకా ఫోను చూడటం నేర్చుకున్నాయి, మోకాళ్ళయితే ఎప్పుడో చేతులెత్తేశాయి. కిలోన్నర బరువున్న ఈ కాలేయం ఒక్కటే పాతకాలం గుమాస్తాలాగా, వచ్చిన ప్రతి కాగితాన్నీ తిప్పి చూస్తానంటుంది. బరువు తగ్గించే సీసా మీద 'హండ్రెడ్ పర్సెంట్ నేచురల్' అని ఆకుపచ్చ అక్షరాలు అచ్చేసి ఉన్నా నమ్మదు. దానికి చదువు రాదు. గొడవంతా అక్కడే వచ్చింది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉంటాం, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం పోతాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బేరమాడేటప్పుడు రెండూ. ఇదివరకు హద్దు దాటి సంబంధాలూ కూరగాయలూ వచ్చేవి. ఇప్పుడు బరువు తగ్గించే సీసాలూ వస్తున్నాయి.

మాఘమాసంలో పాతపట్నంలో పెళ్ళి ఉందని మా వదిన కార్తీకంలోనే పట్టుచీర జాకెట్టు బయటికి తీసింది. అది భుజాల దగ్గరే ఆగిపోయింది. దర్జీ దగ్గరికి వెళ్ళుంటే వంద రూపాయలు తీసుకుని కుట్లు విప్పేవాడు. ఆవిడ కోచ్ దగ్గరికి వెళ్ళింది. కోచ్ అంటే మొన్నటిదాకా మా వీధిలో మొబైల్ రీచార్జులు చేసిన కుర్రాడే. ఇప్పుడు అతని దగ్గర ఒక తూకం మిషను ఉంది. దాని మీద నిలబడితే బరువుతో పాటు వయసు కూడా చెబుతుంది. వదినకి నలభై రెండు. మిషను యాభై ఏడంది. ఇక ఆవిడకి రాత్రి నిద్ర పడుతుందా? మూడు నెలల కోర్సుకి 7,200 రూపాయలు తెల్లారేసరికి కట్టేసింది.

"సైడ్ ఎఫెక్ట్స్ ఏటైనా ఉంటాయా నాయినా?" అని అడిగిందట, డబ్బు కట్టాకే.

"మందయితే కదక్కా సైడ్ ఎఫెక్ట్స్! ఇవి ఆకులూ పళ్ళూనూ."

ఈ మాటకి తిరుగు లేదు. గన్నేరు కాయా కాయే, ఉమ్మెత్త ఆకూ ఆకే అని అడ్డుపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళని పట్టించుకోకూడదు. తరతరాలుగా పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే ఇంట్లో ఆ రోజు నుంచి అంబలి 'కార్బ్స్' అయిపోయింది. చోళ్ళ మీద అనుమానం, సీసా మీద నమ్మకం.

సీసా నేనూ చూశాను. గ్రీన్ టీ సారం, గార్సీనియా సారం, పసుపు సారం, ఆ పసుపు బాగా ఒంటపట్టడానికి మిరియాల సారం. గార్సీనియా అంటే కేరళ వాళ్ళు చేపల పులుసులో వేసుకునే పుల్లటి కాయ జాతిదే. అన్నీ వంటింటి సరుకులే, ఎవరు కాదన్నారు? పులుసులో రెండు ముక్కలు వేస్తే ఊరుకునే కాలేయం, అదే సరుకుని పిండి, గాఢం చేసి, గొట్టం మాత్రల్లో కూరి రోజూ పంపితే ఎందుకు అలుగుతుందో దాన్నే అడగాలి. గ్రీన్ టీలో ఈజీసీజీ అనే పదార్థం ఉంటుంది. సప్లిమెంట్ల రూపంలో అది రోజుకి 800 మిల్లీగ్రాములకి చేరితే రక్తంలో కాలేయం ఎంజైములు పెరిగే, అంటే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కప్పులో పోసుకుని తాగే టీ గురించి వాళ్ళకి అంత బెంగ లేదు. కానీ ఊదుకుంటూ కప్పులో తాగితే సన్నబడుతున్నట్టు ఎవరికి అనిపిస్తుంది?

ముద్దాయి పాత చరిత్ర కూడా మంచిది కాదు. 2009లో అమెరికాలో హైడ్రాక్సీకట్ అనే బరువు తగ్గించే సరుకు వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్నట్టు 23 ఫిర్యాదులు వచ్చాయి, అందులో ఒక ప్రాణం పోయింది. ప్రభుత్వం హెచ్చరించింది, కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంది. 2013లో హవాయి దీవుల్లో ఇంకా ఘోరం. ఆక్సీఎలీట్ ప్రో అనే కొవ్వు కరిగించే గొట్టాలు మింగినవాళ్ళు వరసగా కామెర్లతో ఆసుపత్రులకి వచ్చారు. కొందరికి కాలేయమే మార్చాల్సి వచ్చింది. అనుమానం ఎవరి మీదనుకున్నారు? అందులో కొత్తగా కలిపిన ఏజెలిన్ మీద. ఆ పేరు ఏగిల్ మార్మెలోస్ నుంచి వచ్చింది, అంటే మన మారేడు!

ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం పణా సంక్రాంతి నాడు ఒడిశా అంతా బేల పణా అనే పానకం తాగుతుంది. మారేడు గుజ్జు, బెల్లం, కొబ్బరి కోరు, కాస్త మిరియం. మా వీధి పందిట్లో నేనే మూడు గ్లాసులు తాగుతాను, సిగ్గు లేకుండా నాలుగోదీ. ఏ కాలేయమూ కిక్కురుమనలేదు. హవాయి గొట్టాల్లో ఉన్నది చెట్టు మీద పండింది కాదు, ఫ్యాక్టరీలో తయారైంది. పేరు మారేడుది, ఊరు ల్యాబుది. మనుషులం మనం పేరు చూసి దణ్ణం పెట్టేస్తాం. కాలేయానికి ఆ మర్యాద తెలియదు.

పక్కింటావిడ అదే సీసా ఆర్నెల్లు మింగింది, ఆవిడకి ఏమీ కాలేదు. మా వీధిలో ఇంతకంటే పెద్ద సైన్సు లేదు. హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యు రకం ఉన్నవాళ్ళకి గ్రీన్ టీ సారం, గార్సీనియా, పసుపు గొట్టాల వల్ల దెబ్బ తగిలే అవకాశం ఎక్కువని అమెరికా పరిశోధకులు తేల్చారు. కోచ్ దగ్గర ఉన్నది తూకం మిషనే, జన్యువుల మిషను ఇంకా రాలేదు.

"గవర్నమెంట్ నంబరుందక్కా" అని సీసా తిప్పి చూపించాడట. ఉంది, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు. మా వీధి చివర మిక్చరు అమ్మే ఆయన కొట్లోనూ అలాంటి నంబరే గోడకి వేలాడుతోంది. ఆ కొట్టుకి వెళితే బరువు తగ్గుతుందని మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు. నంబరు కింద 'ఔషధంగా వాడరాదు' అని కూడా ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషులో. జనం మాట్లాడే భాషలోనే రాయండి మహాప్రభో అని పండితులతో పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది.

పదో వారం నుంచి వదినకి నీరసం. "ఒళ్ళు డీటాక్స్ అవుతోందక్కా" అన్నాడు కోచ్. ఆకలి చచ్చిపోయింది. "కోర్సు పనిచేస్తోందక్కా." వికారం. "కొవ్వు కరిగేటప్పుడు అలాగే ఉంటుంది." అరచేతులూ అరికాళ్ళూ దురద. "టాక్సిన్లు చర్మంలోంచి పోతున్నాయి." మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. "నీళ్ళు తక్కువ తాగుతున్నారు." మెడికల్ కాలేజీలో ఇన్నేళ్ళు చదివినవాళ్ళకి కూడా ప్రతి ప్రశ్నకీ ఇంత చప్పున జవాబు తట్టదు.

మేడ మీద ఎండలో వడియాలు పెడుతుంటే పక్కింటావిడే చూసింది, కళ్ళు పచ్చగా ఉన్నాయని. ఈసారి కోచ్ ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆలోచించి, లివర్ని శుభ్రం చేసే పౌడరు 1,150కి ఉందని, పాత కస్టమరు కాబట్టి డిస్కౌంటు ఇస్తానని చెప్పాడు. మా పెద్దమ్మ మాత్రం పసరు పోయించమంది. ఆకులు చేసిన పనికి ఆకులే విరుగుడని ఆవిడ వాదన.

మా అన్నయ్య ఇద్దరి మాటా వినకుండా శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"ఏమైనా మందులు వాడుతున్నారామ్మా?"

"ఏటీ లేదండి."

అబద్ధం కాదు. మందు కాదని కదా చెప్పి అమ్మారు. డాక్టరు గారు రెండోసారి అడిగారు, అదే జవాబు. మూడోసారి "పౌడర్లు, గొట్టాలు, కషాయాలు?" అని విడివిడిగా అడిగితే వదిన హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. ప్రయాణంలో ఒక డోసు తప్పిపోకూడదని వెంట తెచ్చుకుంది. మామూలుగా నలభై దాటకూడని కాలేయం ఎంజైము ఎస్‌జీపీటీ 1,140 ఉంది. హెపటైటిస్ వైరస్‌లేవీ దొరకలేదు. "ముందు ఇది ఆపండి, అదే వైద్యం. చాలామందికి ఆపితే తగ్గిపోతుంది. కానీ మనిషి మత్తుగా ఉన్నా, మాట తికమకగా ఉన్నా అర్ధరాత్రయినా తీసుకొచ్చేయండి" అన్నారు. వదిన చాలాసేపు ఆలోచించి, "డబ్బు కట్టేసిన సీసా ఇంకోటుందండి" అంది.

పెళ్ళికి వెళ్ళలేదు. జాకెట్టు మాత్రం ఇప్పుడు వదులైంది. తిండి లేక ఆరు కిలోలు తగ్గింది. ఆ సంగతి కోచ్‌కి ఎవరు చేరవేశారో తెలియదు, మొన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. "కంగ్రాట్స్ అక్కా, ఆరు కిలోలు! ఒక్క ఫొటో పంపండి, స్టేటస్ పెడతాను. కాస్త మంచి లైటింగ్‌లో తీయించండి, లాస్ట్ ఫొటోలో బాగా పచ్చగా పడ్డారు."