మొహమాటానికి మింగే మాత్రలు

తెనాలిలో మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఆరేళ్లుగా నేను అమెరికా నుంచి ఇండియా వెళ్లిన ప్రతిసారీ, నేను వెళ్లని ఏడాది వెళ్లేవాళ్లని బతిమాలుకునీ, కీళ్ల నొప్పులకి వాడే సప్లిమెంటు డబ్బాలు పంపిస్తున్నాను. బాదంపప్పు, చాక్లెట్లు, మల్టీవిటమిన్లతో పాటు అదీ ఒక పద్దు. నాన్న వాటిని రోజూ మింగుతారో లేదో తెలీదు గానీ, ఖాళీ డబ్బాల్లో అమ్మ మెంతులూ ఆవాలూ పోసుకుంటుంది. మూత గట్టిగా పడుతుందని ఆవిడకి అవంటే ఇష్టం.

పోయిన వేసవిలో సూట్‌కేసు సర్దుతూ, ఎందుకో ఆ డబ్బా వెనక్కి తిప్పి చదివాను. అందులో ఒక ముఖ్యమైన సరుకు బోస్వెల్లియా, అంటే సాంబ్రాణి జాతి చెట్టు బంక నుంచి తీసిన సారం. దాని ట్రేడ్‌మార్కు ఎవరిదో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: లైలా న్యూట్రాస్యూటికల్స్. విజయవాడ కంపెనీ! మా ఇంటికి 30 కిలోమీటర్లు. అక్కడి సరుకు సముద్రాలు దాటి ఇక్కడికొచ్చి, ఇక్కడి డబ్బాలో దూరి, నా సామాన్లలో మళ్లీ కృష్ణ ఒడ్డుకే పోతోంది. మా నాన్న మాత్రం దాన్ని వీధిలో అందరికీ ‘అమెరికా మందు’ అని చూపిస్తారు.

ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే ఆయనేం చలించలేదు. "అయితే ఏందిరా? అక్కడ గవర్నమెంటోళ్లు చూసే కదా అమ్మనిచ్చేది" అన్నారు.

మనలో చాలామంది నమ్మకం అదే. నిజం అది కాదు. 1994లో ఇక్కడ వచ్చిన చట్టం ప్రకారం మందులకి కావాల్సినట్టు సప్లిమెంట్లకి అమ్మే ముందు ఎఫ్‌డీఏ (మందుల్నీ ఆహారాన్నీ చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) ఆమోదం అక్కర్లేదు. సరుకు సురక్షితంగా ఉందా, లేబుల్ నిజం చెప్తోందా అని చూసుకోవాల్సింది తయారుచేసేవాళ్లే. ఫ్యాక్టరీలకి నియమాలున్నాయి, తనిఖీలూ జరుగుతాయి. కానీ ఎఫ్‌డీఏ రంగంలోకి దిగేది ఎక్కువగా సరుకు షాపుల్లోకి వచ్చేశాకే. డబ్బా మీద ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ ఫెసిలిటీ’ అని ఉంటే ఆ ఫ్యాక్టరీ పేరు వాళ్ల జాబితాలో ఉందని అర్థం, అంతే. ఓటర్ల లిస్టులో పేరున్నవాడల్లా పెద్దమనిషి కాడు కదా.

ఇటు నుంచి వెళ్లే సూట్‌కేసులో అమెరికా మీద నమ్మకం ఉంటే, అటు నుంచి వచ్చే సూట్‌కేసులో ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటుంది. చూర్ణాలు, లేహ్యాలు, ఎవరో ఇచ్చిన పేరులేని పొడుల పొట్లాలు. "మన ఊరి వైద్యుడు, మూడు తరాల నుంచి తెలుసు" అంటాం. బోస్టన్ పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులు కొని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఐదింట ఒకదాంట్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. అమెరికాలో తయారైనవాటిలో వందకి 22, ఇండియాలో తయారైనవాటిలో దాదాపు 20. అంటే దేశాన్ని బట్టి పెద్ద తేడా లేదు. తేడా వచ్చింది తయారీ పద్ధతిలో: లోహాలు, ఖనిజాలు కావాలనే కలిపే రసశాస్త్రం మందుల్లో అది వందకి 40 దాకా ఉంది.

ఊరిని బట్టీ, తెచ్చినవాళ్లని బట్టీ సరుకుని నమ్మే అలవాటు మనది. అది మరీ తెలివితక్కువ అలవాటని నేననను. మా అమ్మ కొట్లో కందిపప్పు రెండు బద్దలు కొరికి చూస్తుంది, పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తుంది. పక్కనే దుగ్గిరాల యార్డు ఉంది కాబట్టి పసుపు విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. కానీ పొడి కొట్టాక? బంగ్లాదేశ్‌లో కొమ్ములు పచ్చగా మెరవాలని లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పట్టిస్తున్నారని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. అలాంటిది పొడిలో కలిసిపోతే అమ్మ కళ్లక్కూడా దొరకదు. క్యాప్సూల్లో ఉన్నదాని సంగతి ఇక చెప్పేదేముంది. అక్కడ నాలుక చేసే పని ల్యాబ్ చేయాలి.

ల్యాబ్‌లో చూస్తే ఏం తేలుతుందో రెండు సంగతులు. ఇక్కడ అమ్మే విటమిన్ డి మాత్రల్ని పరీక్షించిన 2013 నాటి అధ్యయనంలో, లేబుల్ మీద రాసినదాంట్లో 9 శాతం ఉన్న మాత్రా ఉంది, 146 శాతం ఉన్న మాత్రా ఉంది. 2023లో నిద్ర పట్టాలని తినే మెలటోనిన్ గమ్మీలు (మిఠాయిలా నమిలే మాత్రలు) 25 రకాలు పరీక్షిస్తే, 22 లేబుళ్లు తప్పు. ఒకదాంట్లో మెలటోనినే లేదు. ఇంకోదాంట్లో రాసినదానికి మూడు రెట్లకి పైగా ఉంది.

అందుకే నేనిప్పుడు డబ్బా ముందువైపు చూడటం మానేశాను. యూఎస్‌పీ గానీ ఎన్‌ఎస్‌ఎఫ్ గానీ, అంటే తయారీదారులతో సంబంధం లేని బయటి సంస్థలు, పరీక్షించినట్టు ముద్ర ఉందా అని వెతుకుతాను, ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ పేరుందో లేదో చూస్తాను. రాసిన సరుకు రాసినంత ఉందనీ, విషపదార్థాలు హద్దు దాటలేదనీ ఆ ముద్రకి అర్థం. మోకాలి నొప్పి తగ్గుతుందని కాదు, అది వేరే ప్రశ్న. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని పది మూలికల పేర్లు కలిపి ఒకే తూకం రాస్తే అక్కడే పెట్టేస్తాను. ఫిష్ ఆయిల్ 1000 మిల్లీగ్రాములంటే అది నూనె బరువు. మనకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి చాలా డబ్బాల్లో 300 దగ్గరే ఉంటాయి.

ఇదంతా షాపులో ఒక్కడినే ఉన్నప్పుడు తేలిక. కష్టమల్లా మనవాళ్ల దగ్గరే.

పోయిన ఏడాది మన తెలుగువాళ్ల ఉగాది వేడుకల్లో పులిహోర లైను పక్కన, షుగర్ తగ్గించే పొడి అమ్ముతూ నాకు బాగా తెలిసినాయన నిలబడి ఉన్నారు. మా అబ్బాయికి కారు నడపడం నేర్పిన మనిషి. ఒక డబ్బా 60 డాలర్లు. డబ్బా మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు లేదు, ఎవరి కోసమో ప్యాక్ చేశారని మాత్రం ఉంది. నేను కొన్నాను. నాకు షుగర్ లేదు.

అదే హాల్లో ఇడ్లీ స్టాల్ పెట్టిన ఆవిడని మన కమిటీ కౌంటీ హెల్త్ పర్మిట్ అడిగింది. చట్నీ ఎంత చల్లగా ఉంచుతారో కూడా అడిగారట. రోగం తగ్గిస్తానని పొడి అమ్మేవారిని అడిగింది స్టాల్ అద్దె ఒక్కటే. వచ్చే ఏడాది నుంచి సప్లిమెంట్లు అమ్మే స్టాల్ ఫారంలో మూడు వివరాలు తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం: తయారైన ఫ్యాక్టరీ పేరు, అమ్మే సరుకు లాట్ నంబరు, ఆ లాట్‌కి బయటి ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు. అవి లేకపోతే స్టాల్ వద్దు, ఈ పత్రికలో ప్రకటనా వద్దు. (సంపాదకులు ఈ వాక్యం కోసెయ్యరనే ఆశ.) స్టాళ్ల మీద నాలుగు డబ్బులు తగ్గుతాయి, నిజమే. మనమేమన్నా ఎఫ్‌డీఏనా అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. కానీ మన బ్యానర్ కింద అమ్మితే కొనేవాళ్లు మనం చూసే పెట్టించామనుకుంటారు, అచ్చం మా నాన్న అనుకున్నట్టే.

నాన్న మాత్రల లాట్ నంబరు పెట్టి ఆ డబ్బా అమ్మే కంపెనీకి మెయిల్ రాశాను. నాలుగు రోజుల్లో రెండు పేజీల రిపోర్టు వచ్చింది. ధైర్యం వచ్చి, ఉగాది పొడి గురించి కూడా ఆ తెలిసినాయనకి వాట్సాప్‌లో అదే అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. మూడు వారాలైంది. మొన్న ఆదివారం గుడిలో కనిపించారు, పిల్లల కాలేజీల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.