వాకింగ్ క్లబ్ ఫ్లెక్సీ గారికి ఒక సభ్యుడి విన్నపం

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి దివ్యసముఖానికి,

ధవళేశ్వరంలో గోదావరి గట్టు మీద రోజూ పొద్దున్నే చెప్పులరగదీసే ఒక మామూలు వాకర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా బీపీలు, షుగర్లు కూడా క్షేమంగానే ఉన్నాయి. మొన్న కార్తీక ఆదివారం నాడు జరిగిన సామూహిక నడక, వనభోజనం వాటికి ఏ ఇబ్బందీ కలిగించలేదు. ఆ ఘనత పూర్తిగా తమరిదే.

కార్యక్రమం ఏమిటో మీకు తెలియంది కాదు, మీ మీదే అచ్చయింది కదా. పొద్దున్న 6 గంటలకు ఏటి ఒడ్డు పార్కు దగ్గర కలవడం, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు నడిచి రావడం, వచ్చాక టిఫిన్లు, మధ్యాహ్నం ఉసిరి చెట్టు కింద భోజనాలు. ఆరింటికల్లా అందరం వచ్చాం. మీరు రాలేదు. మీరు రాకుండా నడక మొదలుపెడతామా? జెండా ఊపడానికి పిలిచిన పెద్దమనిషి కారు కూడా దిగలేదు. వెనకాల మీరు లేకుండా ఆకుపచ్చ జెండా ఊపితే ఫొటోలో రైల్వే గార్డులా పడతారు, పాపం.

సెక్రటరీ గారు ప్రింటింగ్ షాపుకు ఫోన్ చేస్తే, "ఆయ్, అయిపోయిందండి, రింగులు కొట్టేస్తున్నామండి" అన్నాడు కుర్రాడు. పావుగంట ఆగి చేస్తే "బండెక్కించేశామండి" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆలస్యం షాపువాడిది కాదని తర్వాత తెలిసింది. ముందురోజు రాత్రి పొద్దుపోయాక ఒక ఉపాధ్యక్షుడు గారు పులిహోర ఖర్చు తనే పెట్టుకుంటానన్నారు. అప్పటిదాకా ఆరంగుళాలున్న ఆయన ముఖం ఒక్కసారిగా అడుగున్నర అయింది. ఆయన పెరిగితే పక్కవాళ్ళు జరగాలి. జరిగితే ట్రెజరర్ గారు "నడకే ఆరోగ్యం" అన్న అక్షరాల మీదికొచ్చారు. అక్షరాలు చిన్నవి చేశారు. మీ మీద ఎవరి ముఖం ఎంతుందో చూస్తే చాలు, వంట లెక్కలు ఇంకెక్కడా రాసుకోనక్కర్లేదు. పనసపొట్టు కూర ఇచ్చినాయనది ఒక అడుగు, మంచినీళ్ళ క్యాన్లు పంపినాయనది అరడుగు. చందా మాత్రమే కట్టిన మావి అడుగున పాస్‌పోర్టు సైజులో ఉన్నాయి. దానికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. అంతకుముందు రెండు గోదావరి జిల్లాలకు సరిపోయిన జిల్లా గౌరవ సలహాదారులు ఇప్పుడు జిల్లాకొకరు చొప్పున కావాల్సి వచ్చారు. పరిపాలనా సంస్కరణ వల్ల లాభపడింది మీ వెడల్పే.

బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ముఖాలకు కూడా అలాంటి కొలత ఒకటి ఉండాలని నా మనవి. పన్నెండు ముఖాలు దాటితే మొదటి హెచ్చరిక. మొన్న మేం మూడో హెచ్చరిక దాటి లంకలు మునిగే స్థితిలో ఉన్నాం.

ఇంత జనంలో మీ మీద చోటు దొరకనిది మా ఆడవాళ్ళకే. కింద కుడి మూలన "మరియు మహిళా విభాగం" అని ఒక వరుస. పేర్లు లేవు, ఫొటోలు లేవు. అందుకని వాళ్ళకు మీ కోసం కాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది. ఆరుంబావు దాకా చూసి, "అన్నయ్య గారూ, మీరు ఫొటో దిగి రండి, మేం అలా వెళ్ళొస్తాం" అని సెక్రటరీ గారికి చెప్పి బ్యారేజీ ఎక్కేశారు. ఈ బ్యారేజీకి మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం వైపు భాగంలో 70, తర్వాత ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. వాళ్ళు గేట్లు లెక్కపెట్టుకుంటూ పోయారట. 70 అయ్యాక ఎండ ఇంకా ముదరలేదని 43 కూడా కానిచ్చారు. వస్తూ వస్తూ రోడ్డు పక్క దుకాణంలో ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కొచ్చారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు. మీకు మాత్రం ఏ గుర్తింపూ అక్కర్లేదు, ఏ ఊరి సెంటర్‌లో చూసినా మీరే.

వాళ్ళు తిరిగొచ్చే వేళకు మిమ్మల్ని కడుతున్నారు. రెండు సరుగుడు కర్రలు, ఒక నైలాన్ తాడు, నలుగురు రిటైర్డ్ ఇంజనీర్లు. ఆనకట్ట పక్కన ఇంజనీర్లకు కొదవా? ఒకరు గాలి దిశ చెబుతారు, ఒకరు ముడి వేసే విధానం చెబుతారు, ముడి మాత్రం పార్కు వాచ్‌మన్ వేశాడు. ఏటి గాలికి మీరు ఒకసారి జెండా పెద్దమనిషి నెత్తిన కూడా పడ్డారు. గాలి పోవడానికి మిమ్మల్ని అక్కడక్కడా అర్ధచంద్రంగా కోస్తారు కదా, ఆ కోతల్లో ఒకటి సరిగ్గా పులిహోర ఉపాధ్యక్షుడి నోటి దగ్గర పడింది. గాలి వీచినప్పుడల్లా ఆయన ఏదో చెప్పబోతున్నట్టే ఉంది. అసలాయన కంటే మీ మీదాయనే కాస్త నయం, మైకు అడగలేదు.

మైకు అన్నాను కాబట్టి ఉపన్యాసం సంగతీ చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, ఓ మోస్తరు వేగంతో నడకలాంటి వ్యాయామం చెయ్యమంది. ఆ మాట చెప్పడానికి ప్రెసిడెంటు గారు అందులో సుమారు మూడో వంతు వాడుకున్నారు. తర్వాత గ్రూప్ ఫొటో. మోకాళ్ళు వంగనివాళ్ళు వెనక, వంగేవాళ్ళు ముందు. ముందు వరుసకు మనుషులు చాలక ఆడవాళ్ళను పిలిచారు. "చెమటతో ఉన్నామండీ" అంటే, "పర్లేదమ్మా, నడిచినట్టు ఉంటుంది" అన్నారు సెక్రటరీ గారు. మనిషి నిజాయితీపరుడు, ఆ ఒక్క వాక్యంలో వార్షిక నివేదిక మొత్తం చదివేశారు. ఫొటో అయ్యాక మేం కూడా నడిచాం. మీ దగ్గర బయల్దేరి ఇడ్లీ గిన్నెల దాకా.

మీ మీద రాసింది నేను మూడుసార్లు చదివాను, ఎదురుగా అంతసేపు నిలబెడితే ఏం చేస్తాం! "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం, గోదారమ్మను కాపాడుకుందాం." తమరేమో పాలీవినైల్ క్లోరైడ్ పూసిన గుడ్డ. మట్టిలో కలవరు, కాలిస్తే విషవాయువులు వదులుతారు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం పెడతామని అప్పటి ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఇక మీ పని అయిపోయిందనుకున్నాం. తమరి ఆయుర్దాయం మాకు తెలియదు మరి.

మీ పుట్టుకకు చాలా ముందు, 1847లో, ఇదే చోట ఆర్థర్ కాటన్ అనే ఆయన ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేశాడు. ఇప్పటి బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టుకున్నది. ఆయన జెండా ఎవరు ఊపారో, ఎవరి ముఖం ఎన్ని అంగుళాలో ఎక్కడా కనపడదు. అయినా గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని తలుచుకునే బ్రాహ్మలు ఇప్పటికీ ఉన్నారు. మీరు రంగంలోకి దిగాక ఆ లోటూ తీర్చారనుకోండి. ఏటా మే 15న ఆయన జయంతికి మీ మీద దండలేసినవాళ్ళందరూ నిలువెత్తున ఉంటారు, ఆయన పై మూలన గుర్రంతో సహా ఇరుక్కుని ఉంటారు.

ఇక భోజనాలు. పార్కులో ఉసిరి చెట్టు లేదని ఆఖర్న తేలింది. కమిటీవారు కడియం నర్సరీ నుంచి కుండీలో ఉసిరి మొక్క తెప్పించారు. మోకాలెత్తు మొక్క. దాని నీడలో మేమందరం కూర్చున్నట్టు భావించుకున్నాం. వంట విషయంలో ఎవరినీ తప్పుపట్టను. కంద బచ్చలి కూరలో ఆవ సరిగ్గా పడింది, పెద్ద ముఖాయన పులిహోర ఆయన ముఖానికి తగ్గట్టే ఉంది, బూరెల్లో నెయ్యి పోసుకోవడానికి గుంట చేస్తే పూర్ణం పొగలు కక్కింది. ఆ పూట మీ వైపు ఎవరూ చూడలేదు, మీరు కాస్త నొచ్చుకుని ఉంటారు.

కాకపోతే విస్తళ్ళు సగమే పడ్డాయి. చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో అదే రోజు కులానికొక వనసమారాధన. ప్రతి తోట గేటు దగ్గరా మీ బంధువర్గం ఒకరు నిలబడి పిలుస్తున్నారు. మా క్లబ్‌లో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారని మాకు చాలా గర్వం. టిఫిన్ దాకా అందరం కలిసే ఉన్నాం. పన్నెండు దాటాక ఒక్కొక్కరూ "చిన్న పనుందండీ" అని బళ్ళు తీశారు. ఎవరు ఏ తోటకు వెళ్ళారో సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌ల్లో మీ బంధువులే చెప్పేశారు.

సాయంత్రం మిమ్మల్ని విప్పితే దాచడానికి ఎవరి ఇంట్లోనూ చోటు లేకపోయింది. ప్రెసిడెంటు గారి మేడ మీద గత మూడేళ్ళ ఫ్లెక్సీలు ఇప్పటికే మంచాల కింద ఉన్నాయట. వాచ్‌మన్ అడిగితే ఇచ్చేశాం. వాళ్ళ బావ కడియం దగ్గర కౌలు రైతు. సార్వా కోతలు అయ్యాయి, ధాన్యం కళ్ళంలో ఉంది, అల్పపీడనం అంటున్నారు, బరకాలేమో దొరకడం లేదు. ఆ వారం రెండు రోజులు వాన దంచింది. ధాన్యం మీద మా కమిటీ మొత్తం బోర్లా పడుకుని కాపలా కాసింది. ఒక్క బస్తా కూడా తడవలేదట, ఉపాధ్యక్షుడి నోటి దగ్గర తప్ప.

నిన్న ఆ రైతు గారు నాకే ఫోన్ చేశారు. వచ్చే కార్తీకానికి సైజు ఇంకో నాలుగడుగులు పెంచమన్నారు, రింగులు మూడడుగులకొకటి కాకుండా అడుగుకొకటి కొట్టించమన్నారు, గాలి కోతలు మాత్రం అసలు వద్దన్నారు. ముఖాలు ఎన్నున్నా ఆయనకు అభ్యంతరం లేదట. వచ్చే కమిటీ మీటింగులో ఇది అజెండాలో పెడుతున్నాను, తమరు కూడా సమ్మతించవలెను.

ఇట్లు,
తమరి అడుగు వరుసలో ఎడమ నుంచి రెండో పాస్‌పోర్టు ఫొటో