బ్రిటనీ వంట మైదా అట్లతో అయిపోదు

ఫ్రాన్స్ పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ప్రాంతం బ్రిటనీ. దాని గురించి ఒక మాట తెగ తిరుగుతోంది: "అక్కడ వంటంటే మైదా అట్లు, వాటిపై చాక్లెట్ పూత. అదీ మన దోసెకు నకలే. ఉప్పు వెన్న పేదల అలవాటు. అంతకు మించి వాళ్లకు వంట లేదు." ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

మైదాతో చేసే తీపి క్రేప్ ఉన్న మాట నిజమే. కానీ తరతరాలుగా ఆ పల్లెల కడుపు నింపింది గాలెట్ అనే పల్చటి అట్టు. దాన్ని చేసేది బక్‌వీట్ పిండితో, అంటే ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండితో. బక్‌వీట్‌కు గోధుమతో చుట్టరికమే లేదు. అది మన చుక్కకూర కుటుంబపు మొక్క: ఎర్రటి కాడ, తెల్లటి పూలు, మూడు పలకల నల్లని గింజ. గోధుమ సరిగా పండని ఆమ్ల గుణమున్న నేలల్లోనూ మూడు నాలుగు నెలల్లో చేతికి వస్తుంది. అందుకే 16వ శతాబ్దం నాటికే అక్కడి రైతు దాన్ని నమ్ముకున్నాడు.

బిలిగ్ అనే గుండ్రటి ఇనుప పెనంపై పిండి పోసి, చిన్న చెక్క పుల్లతో పల్చగా తిప్పుతారు. చూపుకు దోసెలాగే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే అందులో బియ్యం లేదు, మినప్పప్పు లేదు. తూర్పు బ్రిటనీ గాలెట్‌లో పిండి, నీళ్లు, ఉప్పు తప్ప మరేమీ ఉండదు. ఉన్న గింజను పిండి చేసి పల్చగా కాల్చుకోవడం ఎవరికి వారికి తట్టే విద్య. ఒకరిని దొంగను చేయడం రెండు వంటలకూ అవమానం.

ఉప్పు వెన్న మాట పూర్తిగా తలకిందులైంది. పాత ఫ్రాన్స్‌లో గాబెల్ అనే ఉప్పు పన్ను చాలాచోట్ల జనాన్ని పిండేసింది. 1532లో ఫ్రాన్స్‌లో కలిసిన తర్వాత కూడా బ్రిటనీకి ఆ పన్ను పడలేదు. పక్కనే గెరాండ్ ఉప్పు మళ్లు. కాబట్టి వెన్నలో ధారాళంగా ఉప్పు కలుపుకున్నారు. ఉప్పు కొనలేక చప్పటి వెన్న తిన్నది ఇతర ప్రాంతాల వాళ్లు!

ఇక "అంతకు మించి లేదు" అనేవారు బ్రిటనీ పడమటి జిల్లా ఫినిస్టేర్ ఉత్తరాన ఉన్న లేయోన్ ప్రాంతం వైపు చూడాలి. అక్కడి కిగ్ హా ఫార్జ్‌కు పెద్ద కుండలో పంది మాంసం, గొడ్డు మాంసం, క్యారెట్, క్యాబేజీ ఉడుకుతుంటాయి. బక్‌వీట్ పిండిలో పాలు, గుడ్లు కలిపి గుడ్డ సంచిలో పోసి, మూతి కట్టి, అదే కుండలో దించుతారు. గంటల తరబడి ఆ మాంసం రసంలోనే ఉడుకుతుంది. తీశాక సంచిని బల్ల మీద దొర్లిస్తే లోపలి ముద్ద పొడిపొడిగా విడిపోతుంది. దానిపై లిపిగ్, అంటే వెన్నలో మగ్గిన చిన్న ఉల్లిపాయలు. పూట గడవడానికి ఏదో ఒకటి కాల్చుకునే వాళ్ల పని కాదిది.

తీరాన చేపలు, బంగాళాదుంపలతో కోత్రియాడ్ అనే పులుసు ఉంది. 19వ శతాబ్దంలో దువార్నెనె అనే రేవు ఊళ్లో పుట్టిన క్విన్ అమాన్ ఉంది: రొట్టె పిండి మడతల్లో ఉప్పు వెన్న, చక్కెర దట్టించి, అడుగున చక్కెర ఎర్రగా కరిగి గట్టిపడేదాకా కాలుస్తారు. దీనికి చాక్లెట్ పూత అక్కరలేదు.